41 ఏళ్ల చెయ్యి, 1.26 అనే అంకె: సై యంగ్ 1908 సీజన్‌ను ఎలా చదవాలి

బేస్‌బాల్ రికార్డుల్లో 1908 సంవత్సరం దగ్గర అమెరికన్ పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) సై యంగ్ పేరు పక్కన ఉండే వరుస ఇది: 36 మ్యాచ్‌లు, వాటిలో 33 ఆయన మొదలుపెట్టినవి, 30 చివరిదాకా తానే వేసినవి. 21 గెలుపులు, 11 ఓటములు. 299 ఇన్నింగ్స్ (ఒక్కోదానికి మూడు ఔట్లు), 230 హిట్లు (బ్యాటర్ కొట్టి, మొదటి మజిలీ అయిన బేస్‌నైనా చేరిన దెబ్బలు), ఇచ్చిన పరుగులు 68, 37 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్ ఊరికే మొదటి బేస్ చేరడం), 150 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔట్లు). ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు (ఎంత తక్కువైతే అంత మేలు, వివరం కింద ఉంది), 1.26. జట్టు బోస్టన్ రెడ్ సాక్స్. ఆ పేరుతో ఆడిన మొదటి ఏడాది అదే. పిచ్చర్ వయసు 41.

ఇప్పుడు రెండేళ్లు వెనక్కి వెళ్లి 1906 వరుస చూడండి. 13 గెలుపులు, 21 ఓటములు, ఈఆర్‌ఏ 3.19. ఆ ఏడాది ఆయన ఆడిన అమెరికన్ లీగ్ సగటు 2.69. అంటే 39 ఏళ్ల వయసులో సగటు పిచ్చర్ కన్నా బాగా వెనకబడిన మనిషి, 41 వచ్చేసరికి లీగ్‌లో మేటి పిచ్చర్ల సరసన నిలబడ్డాడన్నమాట. దీన్ని ముసలి సింహం మళ్లీ లేచిన కథగా చెప్పడం మామూలే. ఆ కథ వినడానికి బాగుంటుంది కానీ అంకెలు దానికి ఒప్పుకోవు. 1906లో యంగ్ చెయ్యి పడుకోనూ లేదు, 1908లో కొత్తగా లేవనూ లేదు. చెయ్యి నిజంగా తగ్గింది 1909లో. ఆ ఏడాది గెలుపు ఓటములు 19-15, ఈఆర్‌ఏ 2.26 కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఇది తేలాలంటే వరుసలో ఏ అంకె ఎవరిదో ముందు విడదీయాలి. కొన్ని అంకెలు పిచ్చర్ చేతివి. కొన్ని అతని వెనక నిలబడ్డ ఎనిమిది మందివి. కొన్ని స్కోరర్ కలానివి. కొన్నయితే ఆట ముగిసిన అరవై ఏళ్లకు పుట్టాయి.

గెలుపు ఓటములు

అన్నిటికన్నా ముందు కంటికి కనిపించేది 21-11. అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సిందీ అదే. పిచ్చర్ ఒక్క పరుగు ఇచ్చినా, తన జట్టు ఒక్కటీ కొట్టకపోతే ఓటమి అతని ఖాతాలో పడుతుంది. ఎనిమిది ఇచ్చినా జట్టు తొమ్మిది కొడితే గెలుపు. క్రికెట్‌లో బౌలర్ పేరు పక్కన గెలుపు ఓటములు రాయరు కాబట్టి మనకిది వింతగా ఉంటుంది. నిజానికి వింతే.

పైగా ఏ గెలుపు ఏ పిచ్చర్‌కు చెందాలన్న విషయంలో నేడున్న నియమం 1950లోగానీ పుస్తకానికి ఎక్కలేదు. అంతకుముందు ఇద్దరు పిచ్చర్లు వేసిన మ్యాచ్‌లో గెలుపు ఎవరికివ్వాలన్నది చాలావరకు స్కోరర్ విచక్షణ. యంగ్ మొత్తం కెరీర్ ఓటములు ఒక చోట 315 అనీ, మరో చోట 316 అనీ కనిపించడానికి ఇలాంటి పాత లెక్కలే కారణం. 511 గెలుపుల దగ్గర మాత్రం అందరూ స్థిరపడ్డారు.

అయినా ఈ జంట అంకెకు ఒక ఉపయోగం ఉంది. పిచ్చర్ లెక్కను జట్టు లెక్కలోంచి తీసేసి చూడటం. 1908లో బోస్టన్ 75 గెలిచి 79 ఓడింది. యంగ్‌వి తీసేస్తే మిగిలినవాళ్లది 54-68, అంటే వందకు 44 గెలుపులు. యంగ్‌ది వందకు దాదాపు 66. 1906లో బోస్టన్ 49-105. ఆ మే నెలలో వరసగా 20 మ్యాచ్‌లు ఓడిన జట్టది. యంగ్‌వి తీసేస్తే 36-84, వందకు 30. యంగ్ 13-21, వందకు 38. తన జట్టు మీద ఆధిక్యం 1908లో ఎక్కువే, సందేహం లేదు. కానీ 13-21 చూసి మునిగిపోయాడు అనుకోవడం తప్పు. మునిగింది పడవ.

1.26 ఎక్కడ పుట్టింది

ఈఆర్‌ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ ఇచ్చిన ఎర్న్‌డ్ పరుగుల సగటు. క్రికెట్ భాషలో చెప్పాలంటే బౌలింగ్ సగటుకు దగ్గరి చుట్టం: అక్కడ ఒక వికెట్‌కు ఎన్ని పరుగులు అని చూస్తాం, ఇక్కడ 27 ఔట్లకు ఎన్ని అని చూస్తారు. ఎర్న్‌డ్ పరుగులను 9తో గుణించి ఇన్నింగ్స్‌తో భాగించాలి. యంగ్ 1908లో ఇచ్చిన ఎర్న్‌డ్ పరుగులు 42. 42ను 9తో గుణిస్తే 378. 299తో భాగిస్తే 1.26.

ఇక్కడ చిన్న హెచ్చరిక. ఇన్నింగ్స్ గడిలో 343.1 అని ఉంటే అది దశాంశం కాదు. ఒక ఇన్నింగ్స్‌లో మూడు ఔట్లు కాబట్టి .1 అంటే మూడో వంతు, .2 అంటే మూడింట రెండు. మనం 4.3 ఓవర్లను నాలుగు ఓవర్ల మూడు బంతులని చదువుకున్నట్టే. కాలిక్యులేటర్‌లో 343.1 అలాగే కొడితే అంకె కొద్దిగా తప్పుతుంది. 343.33 అని కొట్టాలి.

ఎర్న్‌డ్ అంటే ఏమిటి? ఫీల్డర్ల తప్పులు లేకుండా ఆట సాగి ఉంటే కూడా వచ్చి ఉండే పరుగు. క్రికెట్‌లో క్యాచ్ వదిలేస్తే ఆ తర్వాతి పరుగులన్నీ బౌలర్ నెత్తినే పడతాయి; బైలు, లెగ్ బైలు లాంటివి మాత్రమే అతనికి అంటవు. బేస్‌బాల్ ఇంకా ముందుకు పోతుంది. ఇద్దరు ఔటయ్యారు, మూడో బ్యాటర్ తేలిక బంతి కొట్టాడు, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) దాన్ని జారవిడిచాడు అనుకోండి. ఆ తర్వాత పిచ్చర్ ఒక డబుల్ (రెండు బేస్‌ల హిట్), ఒక సింగిల్ (ఒక బేస్ హిట్) ఇచ్చి రెండు పరుగులు వచ్చాయి. రెండూ అన్‌ఎర్న్‌డ్. ఆ బంతి పట్టి ఉంటే ఇన్నింగ్స్ అక్కడే ముగిసేది కదా అన్నది తర్కం. ఆ రెండు హిట్లు ఇచ్చింది పిచ్చరే. కానీ ఈఆర్‌ఏ దృష్టిలో ఆ పరుగులు అతనివి కావు.

1908లో ఇది చిన్న సంగతి కాదు. చేతి తొడుగులు చిన్నవి, నేల ఎగుడుదిగుడు, బంతి మ్యాచ్ సాగేకొద్దీ మాసి నల్లబడేది. అమెరికన్ లీగ్‌లో ఆ ఏడాది ఒక జట్టు ఒక మ్యాచ్‌లో కొట్టిన పరుగుల సగటు 3.44, లీగ్ ఈఆర్‌ఏ 2.39. అంటే పదింట మూడు పరుగులు అన్‌ఎర్న్‌డ్. నేటి లీగుల్లో అది పదింట ఒకటి కూడా ఉండదు. యంగ్ విషయంలో ఇంకా ఎక్కువ: 68 పరుగుల్లో 26, వందకు 38.

అందుకే ఆ కాలపు పిచ్చర్లను చూసేటప్పుడు ఈఆర్‌ఏ పక్కన మొత్తం పరుగుల సగటు కూడా వేసుకోవాలి. 68ని 9తో గుణించి 299తో భాగిస్తే 2.05. 2.05ను 3.44తో పోలిస్తే యంగ్ ఇచ్చింది లీగ్ సగటులో వందకు 60 వంతు. ఈఆర్‌ఏతో పోలిస్తే 1.26కు 2.39, వందకు 53. తేడా ఉంది, ఉండాల్సిందే. రెండింటిలో ఏది తీసుకున్నా సీజన్ గొప్పదే. కానీ 1.26ను నేటి 1.26తో సమానం చేసి మాట్లాడేవాళ్లు ఈ 26 పరుగులను మింగేస్తున్నారు.

అసలు మెలిక వేరే ఉంది. ఆ సీజన్ ఆడుతున్నప్పుడు లీగ్ లెక్కల్లో 1.26 లేదు. అమెరికన్ లీగ్ ఎర్న్‌డ్ పరుగుల సగటును అధికారికంగా ప్రకటించడం మొదలుపెట్టింది 1913లో. నేషనల్ లీగ్ అంతకు ఒక ఏడాది ముందు. అప్పటికి యంగ్ రిటైర్ అయిపోయాడు. తర్వాతి తరాల పరిశోధకులు పాత పత్రికల స్కోరు పట్టికలు, రోజువారీ లెక్కల పుస్తకాలు తిరగేసి ఈ అంకెలను కట్టారు. 1969లో వచ్చిన పెద్ద బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియాతో అవి జనంలోకి వెళ్లాయి. యంగ్ పేరు పక్కన 1908కి రెండు సేవ్‌లు (చివర్లో వచ్చి, గెలుస్తున్న మ్యాచ్‌ను కాపాడిన పిచ్చర్‌కు ఇచ్చే లెక్క) కూడా కనిపిస్తాయి. సేవ్ అనే లెక్క అధికారికమైందీ 1969లోనే. ఆ రెంటినీ కూడా వెనక్కి వెళ్లి లెక్కగట్టారు. 1908లో బోస్టన్‌లో ఎవరినైనా ఆపి యంగ్ ఎన్ని సేవ్‌లు చేశాడని అడిగితే మొహం చూసేవాడు.

ఆ కాలమే అలాంటిది

డెడ్‌బాల్ యుగం అంటారు దాన్ని. 1908లో అమెరికన్ లీగ్ మొత్తంలో ఎక్కువ హోమ్ రన్లు (ఒకే దెబ్బకు అన్ని బేస్‌లూ చుట్టి రావడం) కొట్టిన శామ్ క్రాఫర్డ్ కొట్టినవి ఏడు. యంగ్ 299 ఇన్నింగ్స్‌లో ఇచ్చింది ఒక్కటి. మొత్తం లీగ్ బ్యాటింగ్ సగటు .239, అంటే వెయ్యి అవకాశాలకు 239 హిట్లు. ఉమ్మి రాసిన బంతి చట్టబద్ధం. 1920లో గానీ నిషేధం రాలేదు. బోస్టన్ సొంత మైదానం హంటింగ్టన్ అవెన్యూ గ్రౌండ్స్‌లో మధ్య హద్దు 500 అడుగుల పైమాటే.

ఈ వాతావరణంలో ఒకే సీజన్‌లో ఎడీ జాస్ 1.16తో లీగ్‌లో మొదటివాడయ్యాడు. ఎడ్ వాల్ష్ 464 ఇన్నింగ్స్ వేసి 40 మ్యాచ్‌లు గెలిచాడు, ఈఆర్‌ఏ 1.42. యంగ్ 1.26 ఈ ఇద్దరి మధ్య ఉంది. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు: ఎనిమిది జట్లున్న ఆ లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్లకు ప్రవేశం లేదు. నాటి అంకె ఏదైనా ఆ తలుపు మూసి ఉండగా పుట్టినదే.

33 ఆరంభాల్లో 30 తానే ముగించడం కూడా ఈ వాతావరణంలోంచే వచ్చింది. ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు పోయే భయం లేనప్పుడు ప్రతి బంతీ పూర్తి బలంతో వేయక్కర్లేదు. బేస్‌ల మీద మనిషి లేనప్పుడు ముప్పావు బలంతో వేసి, ఇబ్బంది వచ్చినప్పుడు మిగతాది తీసేవారు. మ్యాచ్‌కు ముందు వేడెక్కడానికి ఎక్కువ బంతులు వేసే అలవాటు కూడా యంగ్‌కు లేదు. చెయ్యి వేయగలిగే బంతులకు ఒక లెక్క ఉంటుంది, వాటిని ఊరికే ఖర్చు చేయకూడదన్నది ఆయన నమ్మకం. సెలవుల్లో ఒహాయోలోని పొలంలో కట్టెలు కొట్టేవాడు.

చేతి అంకెలు

ఇక అసలు పని. ఫీల్డర్‌తో సంబంధం లేని అంకెలు రెండు: స్ట్రైకౌట్లు, వాక్‌లు. బ్యాటర్ మూడు స్ట్రైక్‌లతో ఔటైతే బంతి ఎవరి దగ్గరికీ పోలేదు. నాలుగు బాల్స్‌తో నడిచినా అంతే. హోమ్ రన్ మూడోది కావాలి గానీ, ఏడాదికి ఒకటో నాలుగో ఉన్నప్పుడు దాంతో ఏమీ తేలదు.

వీటిని తొమ్మిది ఇన్నింగ్స్‌కు కుదించి చూడాలి, ఎందుకంటే ఒక ఏడాది 380 ఇన్నింగ్స్, మరో ఏడాది 288 ఉంటే మొత్తాలు మోసం చేస్తాయి. యంగ్ 1904లో 380 ఇన్నింగ్స్‌కు 200 స్ట్రైకౌట్లు, 29 వాక్‌లు. కుదిస్తే 4.7, 0.7. ఆ ఏడాది మే 5న ఫిలడెల్ఫియా మీద పర్‌ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని మ్యాచ్) వేసింది ఈ చెయ్యే. 1905లో 320.2 ఇన్నింగ్స్, 210 స్ట్రైకౌట్లు, 30 వాక్‌లు: 5.9, 0.8. 1906లో 287.2 ఇన్నింగ్స్, 140, 25: 4.4, 0.8. 1907లో 343.1 ఇన్నింగ్స్, 147, 51: 3.9, 1.3. 1908లో 4.5, 1.1. 1909లో క్లీవ్‌లాండ్ తరఫున 294.1 ఇన్నింగ్స్, 109, 59: 3.3, 1.8.

ఈ వరుసను ఒకసారి నెమ్మదిగా చదవండి. ఘోరమైన ఏడాది అనుకున్న 1906కూ, అద్భుతం అనుకున్న 1908కీ స్ట్రైకౌట్ల తేడా తొమ్మిది ఇన్నింగ్స్‌కు 0.1. వాక్‌ల విషయంలో 1906 ఇంకా మెరుగు. 21 గెలిచి, 1.99 ఈఆర్‌ఏతో తిరిగొచ్చాడు అనిపించుకున్న 1907లో చేతి అంకెలు రెండూ 1906 కన్నా అధ్వాన్నం.

1905లో స్ట్రైకౌట్లు పెరిగాయి కదా, 38 ఏళ్లకు వేగం పెరిగిందా అని అడగొచ్చు. 1901లో యంగ్ 371.1 ఇన్నింగ్స్‌కు తీసినవి 158, అంటే 3.8 మాత్రమే. వేగం పెరగడం కన్నా నియమం మారడమే ఎక్కువ కారణం. అంతకుముందు బ్యాటర్ ఫౌల్ (హద్దు గీతల బయటికి పోయే దెబ్బ) కొడితే మామూలుగా దానికి లెక్క లేదు. ఎన్ని కొట్టినా స్ట్రైక్ పడేది కాదు. నేషనల్ లీగ్ 1901లో, అమెరికన్ లీగ్ 1903లో మొదటి రెండు ఫౌల్‌లను స్ట్రైక్‌లుగా లెక్కించడం మొదలుపెట్టాయి. దాంతో లీగ్ అంతటా స్ట్రైకౌట్లు ఎగిశాయి. అందుకని అమెరికన్ లీగ్‌లో 1903కు ముందు స్ట్రైకౌట్లను తర్వాతివాటితో నేరుగా పోల్చకూడదు. 1893లో పిచ్చర్ నిలబడే చోటు 60 అడుగుల 6 అంగుళాలకు వెనక్కి జరిగినప్పుడు కూడా యంగ్ ఆడుతూనే ఉన్నాడు. ఒకే మనిషి కెరీర్‌లో రెండుసార్లు ఆట కొలబద్ద మారిందన్నమాట.

మరి 3.19 ఎలా వచ్చింది

చెయ్యి అదే అయితే 1906లో పరుగులు ఎందుకు అన్ని పోయాయి? జవాబు హిట్ల గడిలో ఉంది. ఒక ముతక లెక్క వేద్దాం. ఇన్నింగ్స్‌ను మూడుతో గుణిస్తే ఔట్లు. అందులోంచి స్ట్రైకౌట్లు తీసేస్తే ఫీల్డర్లు తీసిన ఔట్లు మిగులుతాయి. వాటికి హిట్లు కలిపితే, బ్యాట్‌కు తగిలి మైదానంలోకి వెళ్లిన బంతులు ఇంచుమించుగా ఎన్నో వస్తుంది. ఎర్రర్లతో (ఫీల్డర్ల తప్పిదాలతో) బేస్ చేరినవాళ్లు, బేస్‌ల మధ్య దొరికిపోయినవాళ్లు ఇందులో కొంచెం అటూఇటూ చేస్తారు. అందుకే ముతక లెక్క అన్నాను. కానీ ఏడాదికి వెయ్యి బంతుల మీద ధోరణి స్పష్టంగానే తెలుస్తుంది.

1906: 863 ఔట్లు, 140 స్ట్రైకౌట్లు పోతే 723. హిట్లు 288. మొత్తం 1,011 బంతుల్లో 288 హిట్లు, వందకు 28.5.

1907: 1,030 ఔట్లు, 147 పోతే 883. హిట్లు 286. వందకు 24.5.

1908: 897 ఔట్లు, 150 పోతే 747. హిట్లు 230. వందకు 23.5.

1909: 883 ఔట్లు, 109 పోతే 774. హిట్లు 267. వందకు 25.6.

అంతకుముందు 1905లో కూడా ఇది వందకు 25 చుట్టుపక్కలే. అంటే మిగతా ఏళ్లన్నీ ఒక దారిన పోతుంటే 1906 ఒక్కటే పక్కకు జరిగి ఉంది. 1908 నిష్పత్తే 1906లో ఉండి ఉంటే యంగ్ ఇచ్చిన హిట్లు 238 అయ్యేవి, యాభై తక్కువ. నేల మీద దొర్లి ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి పోయిన బంతులు యాభై అనుకోండి. ఏడాది మొత్తం మీద, వారానికి రెండు. 13-21కీ మంచి సీజన్‌కీ మధ్య ఉన్నది ఆ యాభై.

వాటిలో అదృష్టం ఎంత, 105 మ్యాచ్‌లు ఓడిన జట్టు కాళ్ల బరువు ఎంత అన్నది ఈ లెక్కతో విడదీయలేం. కొంత లీగ్‌ది కూడా: 1906లో లీగ్ బ్యాటింగ్ సగటు .249, రెండేళ్లకు .239కి దిగింది. బంతి అందకపోతే ఎర్రర్ రాయరు, హిట్ రాస్తారు. నెమ్మదైన ఫీల్డర్ చేసే నష్టం ఈ కారణంగా ఎర్న్‌డ్ పరుగుల్లోకే పోతుంది. చేతిలోంచి జారిపోతే పిచ్చర్‌కు మాఫీ, అసలు చేరుకోలేకపోతే పిచ్చర్‌కే శిక్ష. ఈఆర్‌ఏ కట్టినవాళ్లు న్యాయం చేద్దామనే కట్టారు గానీ న్యాయం సగమే జరిగింది.

నా అంచనా అడిగితే, 1908 సీజన్ నిజంగా గొప్పదే, కానీ 1.26 చెప్పినంత కాదు. 1905 నాటి చెయ్యి ఇంకా మెరుగైనది. ఆ ఏడాది రికార్డు 18-19, అందుకే ఎవరికీ గుర్తుండదు.

జూన్ 30

ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ గురించి విడిగా చెప్పాలి. 1908 జూన్ 30న న్యూయార్క్ హైలాండర్స్ మీద, వాళ్ల మైదానంలోనే, యంగ్ ఒక్క హిట్ ఇవ్వకుండా 8-0తో గెలిచాడు. మొదటి బ్యాటర్ హ్యారీ నైల్స్‌కు వాక్ ఇచ్చాడు. అతను రెండో బేస్ దొంగిలించబోయి (తర్వాతి బ్యాటర్ కొట్టకముందే అక్కడికి పరిగెత్తబోయి) దొరికిపోయాడు. ఆ తర్వాత 26 మంది వచ్చారు, 26 మందీ ఔటయ్యారు. మొత్తం ఎదుర్కొన్నది 27 మందిని, అంటే సాధ్యమైనంత తక్కువ. ఆయన కెరీర్‌లో మూడో నో-హిట్టర్ అది, మొదటిది 1897లో. అంత వయసులో నో-హిట్టర్ వేసిన రికార్డు 1990లో 43 ఏళ్ల నోలన్ రయాన్ వేసేదాకా నిలిచింది.

అయితే ఒక మ్యాచ్ నుంచి చెయ్యి గురించి పెద్దగా ఏమీ తెలియదు. మ్యాచ్ బంతి పాతదవుతుంది, ఎదుటి జట్టు బలహీనంగా ఉంటుంది. అదే ఏడాది ఆగస్టు 13న బోస్టన్‌లో సై యంగ్ డే పేరిట ఒక ప్రదర్శన మ్యాచ్ కూడా పెట్టారు. మైదానం నిండిపోయినా, ఆ రోజు వేసిన బంతుల్లో ఒక్కటీ 299 ఇన్నింగ్స్‌లో లేదు.

అమ్మినవాళ్లకు ఏం తెలుసు

1909 ఫిబ్రవరిలో బోస్టన్ యంగ్‌ను క్లీవ్‌లాండ్‌కు పంపేసింది. బదులుగా చార్లీ చెక్, జాక్ రయాన్ అనే ఇద్దరు పిచ్చర్లు, 12,500 డాలర్లు. 1.26 వేసిన పిచ్చర్‌ను ఇలా ఇచ్చేశారేమిటని ఇప్పుడు నోరు వెళ్లబెట్టడం తేలిక. వాళ్ల ముందు 1.26 లేదు, ఉన్నవి 21-11, 42వ పుట్టినరోజు.

1909లో 19-15 చూసి బోస్టన్ తప్పు చేసిందనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. లీగ్ ఈఆర్‌ఏ 2.47, యంగ్‌ది 2.26, ఇంకా సగటు కన్నా మెరుగే. కానీ వాక్‌లు చూడండి. 1908లో 37, ఇప్పుడు తక్కువ ఇన్నింగ్స్‌లో 59. స్ట్రైకౌట్లు 150 నుంచి 109కి. స్ట్రైకౌట్లు పడిపోతూ, అదే సమయంలో వాక్‌లు పెరిగితే, అదీ ఏళ్ల తరబడి తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒక వాక్ చుట్టూనే తిరిగిన మనిషి విషయంలో, చెయ్యి చెప్పిన చోటికి బంతి పోవడం లేదని అర్థం. వేగం తగ్గిన పిచ్చర్ అంచుల్లో వేయడానికి చూస్తాడు. అంచు తప్పితే బాల్.

మరుసటి ఏడు అందరికీ తెలిసింది. 1910లో 163.1 ఇన్నింగ్స్, 7-10. ఈఆర్‌ఏ 2.53, లీగ్ సగటు 2.52. ఆ జూలై 19న వాషింగ్టన్ మీద 11 ఇన్నింగ్స్ వేసి 500వ గెలుపు అందుకున్నాడు.

1911: ఒక వరుసలో రెండు లీగ్‌లు, ఒక కొత్త బంతి

చివరి సీజన్ వరుస 7-9, 126.1 ఇన్నింగ్స్, 3.78. ఇది చదివేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, ఇది రెండు ముక్కల కూడిక. క్లీవ్‌లాండ్‌కు 46.1 ఇన్నింగ్స్ వేసి 3-4తో వదిలేశాక, నేషనల్ లీగ్‌లోని బోస్టన్ రస్లర్స్‌కు 80 ఇన్నింగ్స్ వేసి 4-5. రెండు లీగ్‌లకూ బ్యాటర్లు వేరు, మైదానాలు వేరు. కలిపిన ఈఆర్‌ఏను ఏ ఒక్క లీగ్ సగటుతోనూ సూటిగా పోల్చలేం.

రెండోది బంతి. లోపల కార్క్ గుండె పెట్టిన బంతి 1911 సీజన్‌లో పూర్తిగా వాడుకలోకి వచ్చింది. అమెరికన్ లీగ్ బ్యాటింగ్ సగటు .243 నుంచి ఒక్కసారిగా .273కు లేచింది, ఈఆర్‌ఏ 2.52 నుంచి 3.34కు. నేషనల్ లీగ్‌లో 3.39. 2.53 నుంచి 3.78కి పడ్డాడు అనే కన్నా, సగటు దగ్గరి నుంచి సగటుకు కొంచెం వెనక్కి జరిగాడు అనడం సరైనది. 44 ఏళ్ల వయసులో.

సెప్టెంబర్ 22న పిట్స్‌బర్గ్ మీద 1-0తో గెలిచాడు, 511వది, ఆఖరిది. రెండు వారాలకు, అక్టోబర్ 6న, బ్రూక్లిన్ చేతిలో 13-3తో ఓడాడు. తన కెరీర్‌లో చివరగా ఎదుర్కొన్న ఎనిమిది మందీ హిట్లు కొట్టారు: నాలుగు సింగిళ్లు, మూడు డబుళ్లు, ఒక ట్రిపుల్.

అప్పటికి ఆయన పొట్ట బాగా పెరిగింది. చెయ్యి బాగానే ఉంది, వంగలేకపోతున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఎదుటి జట్లు అది కనిపెట్టి బ్యాట్‌ను అడ్డం పెట్టి బంతిని ఆయన కాళ్ల ముందు పడేసేవి. ఆయన పరిగెత్తి వంగి అందుకునేలోపు బ్యాటర్ మొదటి బేస్ మీద ఉండేవాడు. స్కోరు పుస్తకంలో దానికి సింగిల్ అనే రాస్తారు, గోడకు కొట్టి వచ్చిన సింగిల్‌కు రాసినట్టే. 1911లో ఆయన ఇచ్చిన 137 హిట్లలో అలాంటివి ఎన్నో ఆ గడి చెప్పదు. 1912 వసంత శిబిరానికి వెళ్లి, సీజన్‌లో ఒక్క బంతి వేయకుండానే, ఒహాయో పొలానికి తిరిగి వెళ్లిపోయాడు.